జిన్నుల ఊళ్ళో అప్పుల లెక్క

అక్టోబరు దాటితే గల్ఫ్‌లో మనలాంటి వాళ్ళకు మళ్ళీ ఊపిరి వస్తుంది. ఐదు నెలల పాటు ఏసీ గదికీ, ఏసీ బస్సుకీ మధ్య పరుగెత్తిన మనం ఒక సాయంత్రం బాల్కనీలో నిలబడి 'అబ్బ, గాలి మారింది' అనుకుంటాం. ఇక్కడి అరబ్బులు ఈ మార్పును ఒక నక్షత్రంతో లెక్కపెడతారు. ఆగస్టు చివర, తెల్లవారుజామున దక్షిణం దిక్కున 'సుహైల్' కనబడిందంటే ఎండలు తగ్గుముఖం పట్టినట్టే. ఈ సుహైల్ మనకూ పాత చుట్టమే. మన పెద్దలు అగస్త్య నక్షత్రం అన్నది దీన్నే. అగస్త్యుడు ఉదయిస్తే వానాకాలపు బురద నీళ్ళు తేటపడి శరత్కాలం వస్తుందని మన పెద్దల మాట. నక్షత్రం ఒక్కటే, ఊళ్ళే వేరు.

అలా గాలి మారిన తర్వాత, పోయిన నవంబరులో ఒక శనివారం మేం ముగ్గురం అద్దె కారు తీసుకుని దయ్యాల ఊళ్ళు చూడటానికి బయలుదేరాం. నవ్వకండి. సరదా కోసం మొదలైన పని కాదు ఇది.

ముందు మా గురించి రెండు మాటలు. మేం షార్జాలో ఒకే గదిలో బెడ్‌స్పేసు పంచుకునే గుమాస్తాలం. ఒకరిది జగిత్యాల వైపు, ఒకరిది నిజామాబాద్ వైపు, ఇంకొకరిది కడప జిల్లా. ముగ్గురి చదువూ ఇంటర్ దగ్గరే ఆగింది. ఒకరు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బిల్లులు రాస్తారు, ఒకరు గోడౌన్‌లో స్టాకు చూస్తారు, ఒకరు టైపింగ్ సెంటర్లో దరఖాస్తులు నింపుతారు. అంటే ముగ్గురి బతుకూ కాగితాల మధ్యే.

దసరా తర్వాత మా జగిత్యాల మిత్రుడికి ఊరి నుంచి ఫోను వచ్చింది. తల్లి పోయినప్పటి నుంచి, అంటే ఏడేళ్ళుగా, అతని ఇంటికి తాళం వేసి ఉంది. దాన్ని అమ్ముదామని బేరం పెట్టారు. వాళ్ళ కాక ఫోనులో అన్న మాట ఇది:

"కొంటా అన్నోడు ఎన్కకు జరిగిండు రా. అండ్ల దయ్యమున్నదట. రాత్రిపూట తలుపులు కొట్టుకుంటున్నయట. మీ నాయిన బాకీ తీరకుంట పోయిండు గద, అందుకే తిరుగుతున్నడని ఊరంత అంటున్నరు. సగం ధరకైతె తీసుకుంటడట."

ఆ రాత్రి అతను అన్నం తినలేదు. ధర తగ్గినందుకు కాదు, తండ్రిని దయ్యం అన్నందుకు. రెండు రోజుల తర్వాత అతనే అన్నాడు: "ఇక్కడ కూడా జిన్నుల ఊళ్ళున్నయంటరు గద. ఒక ఊరికి దయ్యం ఎట్ల పడుతదో పోయి చూద్దాం." అలా బయలుదేరాం.

ఇసుక నిండిన ఇళ్ళు

మొదట వెళ్ళింది అల్ మదామ్. దుబాయ్ నుంచి అరవై కిలోమీటర్ల దూరంలో, షార్జా ఎమిరేటులోని ఎడారి ఊరు. ఇప్పటి మదామ్ పట్టణం బాగానే ఉంది, దుకాణాలున్నాయి, జనం ఉన్నారు. దానికి కాస్త ఎడంగా ఇసుక దిబ్బల మధ్య పాత కాలనీ ఉంది. కారును రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్ళాం. చిన్న కారు ఇసుకలో దింపితే బయటికి లాగడానికి ఇంకో బండి కావాలి.

రెండు వరుసల్లో సిమెంటు ఇళ్ళు, చివర ఒక మసీదు, అంతే. తలుపులు ఊడిపోయాయి, కిటికీల్లోంచి ఇసుక లోపలికి దిగి గది సగానికి పేరుకుంది. కొన్ని గదుల్లోకి వెళ్ళాలంటే వంగి వెళ్ళాలి, ఎందుకంటే కాళ్ళ కింద ఉన్నది నేల కాదు, నాలుగడుగుల ఇసుక. గోడలకు వేసిన నీలం, ఆకుపచ్చ రంగులు మాత్రం ఇంకా పోలేదు.

ఇక్కడ ఉమ్ అల్ దువైస్ తిరుగుతుందని చెప్పుకుంటారు. అందమైన ఆడమనిషి రూపం, ఒంటి నిండా బంగారం, దూరం నుంచే వచ్చే అత్తరు వాసన, పిల్లి కళ్ళు. చేతులకు బదులు కొడవళ్ళు. వెంటపడిన మగవాణ్ణి నరికేస్తుంది. వినగానే మాకు మన ఊళ్ళ మోహిని గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు, తొంభైలలో, ఇళ్ళ తలుపుల మీద సున్నంతోనో బొగ్గుతోనో రాసిన 'ఓ స్త్రీ రేపు రా' కూడా గుర్తొచ్చింది. ఆ అక్షరాలు చూసి సాయంత్రం పూట బయటికి రాని పిల్లల్లో మేమూ ఉన్నాం.

అయితే ఈ కాలనీ వయసు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇది వందల ఏళ్ళ నాటిది కాదు. 1971లో ఎమిరేట్ల సమాఖ్య ఏర్పడ్డాక, ఎడారిలో తిరిగే కుటుంబాలకు పక్కా ఇళ్ళు కట్టించారు. ఆ వరుసలో 1970లలో కట్టినదే ఇదీ. అల్ కితబీ తెగ వాళ్ళు ఇందులో ఉండేవారు. ఇరవై ఏళ్ళు తిరగకుండానే ఖాళీ అయింది. ఇసుక దిబ్బ ఒక చోట నిలిచేది కాదు, గాలి ఎటు తోస్తే అటు జరుగుతుంది. ఒంటెలతో తిరిగే వాళ్ళు దానికి తగ్గట్టు గుడారం మార్చుకునేవారు. సిమెంటు ఇంటిని మార్చలేరు కదా.

మా కడప మిత్రుడు గోడ మీద చెయ్యి వేసి, "అన్నా, ఇది మన ఇందిరమ్మ కాలనీ మాదిరిగా ఉండాది" అన్నాడు. నిజమే. మన ఊళ్ళ బయట కూడా కట్టి, ఎవరూ చేరని కాలనీల గురించి ఇలాంటి కథలే పుడతాయి. ఖాళీ ఇంటికి కారణం తెలుసుకోవడం కష్టం, దయ్యం పేరు చెప్పడం తేలిక.

మేడ చూసి ముందుకు

అక్కడి నుంచి మలీహా, ధైద్ మీదుగా ఉత్తరానికి వెళ్ళి మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు ఎక్కాం. మధ్యాహ్నానికి రస్ అల్ ఖైమా. అక్కడ గుట్ట మీద అల్ ఖాసిమీ ప్యాలెస్ ఉంది. 1985లో కట్టిన మేడ. ముప్ఫై అయిదు గదులు, లోపల బొమ్మలు, పెద్ద పెద్ద దీపాల గుత్తులు. కట్టాక మూడు దశాబ్దాల పాటు కాపురం లేక ఖాళీగా ఉండిపోయింది. కిటికీల్లో పిల్లల ముఖాలు కనిపిస్తాయని, మనుషుల, జంతువుల బొమ్మలు పెట్టినందుకే జిన్నులు చేరాయని కథలు పుట్టాయి. కొన్నేళ్ళ క్రితం టికెట్టు పెట్టి జనానికి తెరిచారు. మేం టికెట్టు ధర చూసి, ముగ్గురికి లెక్కవేసుకుని, బయటి నుంచే చూసి వచ్చేశాం. డబ్బున్నవాడి ఇంట్లో దయ్యం ఉంటే అది చూడటానికి కూడా డబ్బు కట్టాలని నిజామాబాద్ మిత్రుడు చమత్కరించాడు. మా మనసంతా చివరి మజిలీ మీదే ఉంది.

ఎర్ర దీవి

తిరుగుదారిలో రస్ అల్ ఖైమా ఊరికి దక్షిణంగా, సముద్రపు ఒడ్డున జజీరా అల్ హమ్రా. పేరుకు అర్థం ఎర్ర దీవి. ఒకప్పుడు పోటు నీళ్ళు వచ్చినప్పుడు నిజంగానే దీవిలా ఉండేది, ఇప్పుడు నేలలో కలిసిపోయింది. చుట్టూ కొత్త హోటళ్ళు, విల్లాలు. మధ్యలో ఈ పాత ఊరు. యూఏఈలో దయ్యాల ఊరు ఏదంటే ఎవరైనా ముందు చెప్పేది దీని పేరే. 2013లో వచ్చిన 'జిన్' సినిమా కథకూ ఈ ఊరే మూలం.

సాయంత్రం నాలుగు గంటలకు లోపలికి అడుగుపెట్టాం. సన్న సందులు, పెద్ద వాకిళ్ళున్న ఇళ్ళు, ఒక కోట, మసీదు, బజారు వీధి. ఒక వ్యాపారి ఇంటి మీద గాలి గోపురం ఉంది. కరెంటు లేని రోజుల్లో పైనుంచి వచ్చే గాలిని గదిలోకి దింపే ఏర్పాటు అది. గోడలను దగ్గరగా చూస్తే ఒళ్ళు జలదరించింది. దయ్యం వల్ల కాదు. అవి రాతి గోడలు కావు, సముద్రం అడుగు నుంచి తెచ్చిన పగడపు దిమ్మలు. వాటి మధ్య గవ్వలు, ఆల్చిప్పలు. పైకప్పుకు ఈత దూలాలు, తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో తెచ్చిన మడ కర్రలు. కొన్ని ఇళ్ళకు మాత్రం చివరి రోజుల్లో వచ్చిన సిమెంటు ఇటుకలు. సముద్రాన్నే తవ్వి కట్టుకున్న ఊరన్నమాట.

ఈ ఊరు జాబ్ తెగ వారిది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తరఫున ఈ తీరాల వివరాలన్నీ రాసిన లోరిమర్ అనే అధికారి, ఇక్కడ సుమారు 500 ఇళ్ళున్నాయని లెక్క కట్టాడు. ఊరి బతుకంతా ముత్యాల మీదే. ఆ రోజుల్లో ఇప్పటి యూఏఈ తీరం మొత్తం మీద 1,200 దాకా ముత్యాల పడవలు, వాటి మీద 22,000 మంది మనుషులు పనిచేసేవారని కూడా అతని లెక్క. అప్పటి జనాభాకు అదెంత పెద్ద సంఖ్యో ఊహించుకోండి. ఒంట్లో సత్తువ ఉన్న మగవాడల్లా సముద్రంలోనే ఉన్నాడని అర్థం.

ముక్కు మూసుకుని సంపాదన

పెద్ద వేట ఏటా జూన్‌లో మొదలై సెప్టెంబరు చివరిదాకా సాగేది. అంటే మనం ఏసీ లేకుండా ఒక్క రాత్రి పడుకోలేని ఆ నాలుగు నెలలూ వాళ్ళు పడవ మీదే. ముక్కుకు తాబేటి చిప్పతోనో కొమ్ముతోనో చేసిన బిగింపు. మెడలో వల సంచి, వేళ్ళకు తోలు తొడుగులు, కాలికి బరువు రాయి కట్టిన తాడు. ఆ రాయితో పది మీటర్లో, ఒక్కోసారి ఇరవై మీటర్లో దిగి, ఊపిరి బిగబట్టి నిమిషం, నిమిషంన్నర ఆల్చిప్పలు ఏరి, తాడు గుంజితే పైనున్నవాడు లాగాలి. రోజుకు అలా కొన్ని డజన్ల సార్లు. తినేది ఖర్జూరాలు, కాఫీ, రాత్రికి కాస్త అన్నం, చేప. కడుపు నిండా తింటే దిగలేరు. చెవులు పోయినవాళ్ళు, కళ్ళు పోయినవాళ్ళు, తిరిగి పైకి రానివాళ్ళు ఎందరో. వాళ్ళలో తూర్పు ఆఫ్రికా నుంచి, బలూచిస్తాన్ నుంచి బానిసలుగా తెచ్చినవారూ ఉన్నారు. వారి సంపాదన యజమానికే పోయేది.

సెప్టెంబరు చివర పడవలన్నీ కలిసి ఒడ్డుకు తిరిగొచ్చే రోజును 'ఖుఫాల్' అంటారు. ఊరంతా తీరానికి వచ్చేది, ఆడవాళ్ళు పాటలు పాడేవారు. మనకు శరత్కాలం అంటే బతుకమ్మ, దసరా, దీపావళి. వాళ్ళకు శరత్కాలం అంటే మనిషి ప్రాణాలతో ఇంటికి చేరే కాలం, ఆ వెంటనే లెక్క తేలే కాలం.

ఈ లెక్క దగ్గరే మేం ముగ్గురం చాలాసేపు ఆగిపోయాం. గుమాస్తాలం కదా.

వేటకు వెళ్ళే ముందు పడవ నాయకుడు, అంటే నఖోదా, ప్రతి మనిషికీ కొంత సొమ్ము ముందుగా ఇచ్చేవాడు. దాన్ని 'సలఫ్' అనేవారు. ఇంటి దగ్గర పెళ్ళాం పిల్లలు నాలుగు నెలలు తినాలి కదా. ఆ సొమ్ముకు బియ్యం, బట్ట, ఖర్జూరం కూడా నఖోదా చెప్పిన దుకాణంలో, అతను చెప్పిన ధరకే. నఖోదాకు ఆ డబ్బు పెద్ద వ్యాపారి దగ్గర అప్పు. తిరిగొచ్చాక ముత్యాలు అమ్మి, తిండి ఖర్చులూ పడవ వాటా తీసేసి, మిగిలింది పంచేవారు. చాలాచోట్ల నీళ్ళలో దిగినవాడికి మూడు వాటాలైతే తాడు లాగినవాడికి రెండు. ఆ వాటాలోంచి సలఫ్ కోసుకుంటే చేతికి వచ్చేది ఏమీ ఉండేది కాదు, పైగా బాకీ మిగిలేది. ఆ బాకీ వచ్చే ఏడాదికి. బాకీ ఉన్నవాడు ఇంకో పడవకు మారకూడదు. తండ్రి సముద్రంలో పోతే ఆ బాకీ కొడుకు తల మీదికి వచ్చేది, కొడుకు అదే పడవ ఎక్కేవాడు.

పుస్తకం నఖోదా చేతిలో ఉండేది. దిగేవాడికి చదువు రాదు. ఎంత ఇచ్చారో, ఎంత కోశారో, ఎంత మిగిలిందో వాళ్ళు చెప్పిందే లెక్క. బహ్రెయిన్‌లో 1920లలో ఈ పద్ధతిని మార్చాలని ప్రభుత్వం పూనుకున్నప్పుడు చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, ప్రతి మనిషికీ సొంత లెక్కల పుస్తకం ఉండాలని నియమం పెట్టడం. ఇంకో విచిత్రం చూడండి. 1932లో అక్కడే ముందస్తు సొమ్ము తగ్గించినప్పుడు ముత్యాల కూలీలు గొడవకు దిగారు. అప్పు వద్దని కాదు, అప్పు చాలదని. చేతిలో కూడు లేనివాడికి అప్పు కూడా జీతంలాగే కనిపిస్తుంది.

ఆ పుస్తకాల్లో రాసిన సొమ్ము ఏ నాణెంలో ఉండేదో తెలుసా? మన రూపాయల్లో. ఈ తీరమంతా ఇండియా రూపాయే నడిచేది. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు కూడా అచ్చు వేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాకే ఈ ఎమిరేట్లు వేరే నాణేలకు మారాయి. ఇప్పుడు మనం దిర్హాములను రూపాయల్లోకి మార్చి ఇంటికి పంపుతున్నాం. అప్పుడు రూపాయి ఇక్కడికి వచ్చేది, ముత్యం అక్కడికి పోయేది.

ఆ ముత్యం మన హైదరాబాదు దాకా వచ్చింది. గల్ఫ్ ముత్యాల పెద్ద బజారు బొంబాయి. అక్కడి నుంచి నిజాముల దర్బారుకు, పత్తర్‌గట్టి దుకాణాలకు 'బస్రా ముత్యాలు' అన్న పేరుతో చేరేవి. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగల్లో ఏడు పేటల ముత్యాల హారం ఉంది. దాన్ని సత్‌లడా అంటారు. దాన్ని ధరించినవారి పేర్లు చరిత్రలో ఉన్నాయి. దానికోసం ఊపిరి బిగబట్టినవారి పేర్లు ఎక్కడా లేవు. ఉంటే గింటే ఏ నఖోదా బాకీ పుస్తకంలోనో ఉండి ఉంటాయి.

ఊరు ఎలా ఖాళీ అయింది

జపాన్‌లో మికిమోతో 1893లో ఆల్చిప్పలో ముత్యాన్ని పెంచి చూపించాడు. 1920లకు గుండ్రటి పెంపుడు ముత్యాలు బజారులోకి వచ్చేశాయి. ఆ వెంటనే 1929లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. నగలు కొనేవాళ్ళు లేరు. 1947 తర్వాత ఇండియా ముత్యాల దిగుమతి మీద వేసిన సుంకం మిగిలిన ఆశ కూడా తీసేసింది. పడవలు ఒడ్డున ఎండిపోయాయి. జనం కువైట్‌కూ, బహ్రెయిన్‌కూ, సౌదీకీ కూలికి వెళ్ళారు. అవును, ఈ ఎమిరేట్ల మగవాళ్ళే ఒకప్పుడు పరాయి దేశపు చమురు కంపెనీల్లో వలస కూలీలు. ఈ సంగతి మన క్యాంపుల్లో ఎంతమందికి తెలుసు?

1962లో అబూ ధాబీ నుంచి చమురు ఎగుమతి మొదలైంది. 1966లో షేక్ జాయెద్ అక్కడ పాలకుడయ్యారు. 1968లో, రస్ అల్ ఖైమా పాలకుడితో తగాదా వచ్చాక, జాబ్ తెగలో చాలామంది షేక్ జాయెద్ పిలుపు మీద మూటాముల్లె సర్దుకుని అబూ ధాబీకి తరలిపోయారు. అక్కడ వారికి ఇళ్ళు, పనులు దొరికాయి. ఇప్పటికీ అబూ ధాబీ నగరంలో అల్ జాబ్ అనే పేట ఉంది. మన ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు ఎందరో ఆ వీధుల్లో పనిచేసే ఉంటారు.

అంటే దయ్యాల ఊరి జనం చావలేదు. రెండు వందల కిలోమీటర్ల అవతల పిల్లాపాపలతో బతుకుతున్నారు. ఈ ఇళ్ళకు హక్కుదారులు ఇంకా ఉన్నారు. అయినా ఖాళీ వాకిళ్ళను చూసి, 'రాత్రిపూట అరుపులు వినిపిస్తాయి, గోడ మీద చేతి ముద్రలు కనిపిస్తాయి' అని కథలు పుట్టాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఇక్కడి పురావస్తు శాఖ చాలా ఇళ్ళను బాగుచేసింది. 2020లో ఈ ఊరు యునెస్కో వారసత్వ గుర్తింపు కోసం దేశం పంపిన ముందస్తు జాబితాలో కూడా చేరింది. ఏటా చిత్రకళా ప్రదర్శన కూడా పెడుతున్నారు. దీపాలు వెలిగిన వీధిలో జిన్నుల కథ ఎవరూ చెప్పడం లేదు.

తలుపు చప్పుడు

మగ్రిబ్ నమాజు పిలుపు దూరం నుంచి వినబడుతున్న వేళకు మేం బాగుచేయని ఇళ్ళ వైపు ఉన్నాం. వెలుగు తగ్గింది. ఒక ఇంటి లోపల 'టప్... టప్...' అని చప్పుడు. నిజం చెప్పాలంటే ముగ్గురం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. ముప్ఫై అయిదేళ్ళు వచ్చినా చిన్నప్పటి భయం ఎక్కడికీ పోదు. ఆ సందులోనే చెత్త ఏరుతున్న ఒక బంగ్లాదేశీ పెద్దాయన మమ్మల్ని చూసి నవ్వి, హిందీలో అన్నాడు:

"భూతాలు లేవు బాబూ. గొళ్ళెం లేని తలుపు. సముద్రం గాలి వస్తే కొట్టుకుంటుంది. పావురాలు కూడా ఉంటాయి. నేను ఆరేళ్ళుగా చూస్తున్నా."

మా జగిత్యాల మిత్రుడు ఆ తలుపు దగ్గరికి వెళ్ళి చేత్తో పట్టుకుని ఆపాడు. చప్పుడు ఆగిపోయింది. అక్కడే గడప మీద కూర్చున్నాడు. కాసేపటికి తండ్రి సంగతి చెప్పాడు. ఏడేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నాం, అంత వివరంగా మాకు ఎప్పుడూ చెప్పలేదు.

తండ్రి 1995లో ఊళ్ళో నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి గల్ఫ్‌కు వచ్చాడు. ఏజెంటు చెప్పిన పని వేరు, దొరికిన పని వేరు. ఎనిమిది నెలలకే తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. అప్పు మాత్రం తిరిగి వెళ్ళలేదు. వేలిముద్ర వేసిన ప్రామిసరీ నోటు, షావుకారి చేతిలోని పద్దు పుస్తకం, ఏటా తిరగరాసిన మిత్తి. ఎంత కట్టినా ఇంకా ఎంత ఉందో షావుకారికే తెలుసు. 2009లో తండ్రి పోయాడు. ఇంటర్ పాసై డిగ్రీలో చేరాల్సిన కొడుకు పాస్‌పోర్టు ఆఫీసు లైన్లో నిలబడ్డాడు.

"అదే పడవ ఎక్కిన" అన్నాడు. మేం ఏమీ అనలేదు.

కొంచెం ఆగి మళ్ళీ అన్నాడు: "కాని 2016ల మొత్తం కట్టిన. నోటు తీసుకొని, నా ముందలనే చింపిచ్చిన. ఆ ముక్కలు మా అమ్మ డబ్బాల దాసింది. బాకీ లేదు. మరి మా నాయిన ఎందుకు తిరుగుతడు?"

అక్కడి నుంచే కాకకు ఫోను చేశాడు.

"కాకా, బాకీ తీరిందని ఊళ్ళె ఎవరికన్న తెలుసా?"

"ఎవరికి తెలుస్తది రా. నువ్వు చెప్పలేదు, ఆయన చెప్పడు."

"ఆ డబ్బా తియ్యి. నోటు ముక్కలు కొనేటోనికి చూపెట్టు. ఎనక తలుపుకు గొళ్ళెం పెట్టియ్యి. ఇల్లు ఇప్పుడు అమ్మకు. సున్నం ఏపిచ్చి, కార్తీకంల దీపం పెట్టి, ఎవరికన్న కిరాయికియ్యి. కిరాయి తక్కువైన పర్వలేదు, మనుషులుండాలె."

అవతలి నుంచి కాసేపు మాట లేదు. తర్వాత, "గట్లనే రా. నేనే పోయి దీపం పెడుత" అన్నాడు కాక.

గుమాస్తాల మాట

తిరుగు ప్రయాణంలో మేం మాట్లాడుకున్నదే ఇక్కడ రాస్తున్నాం. మూడు చోట్లా మాకు జిన్ను కనబడలేదు. కనబడింది ఒకటే వరస. ముందు పని పోతుంది, లేదా అప్పు పెరుగుతుంది. తర్వాత మనుషులు పోతారు. వాళ్ళు ఎందుకు పోయారో చెప్పేవాళ్ళు ఊళ్ళో మిగలరు. అప్పుడు దయ్యం వస్తుంది. ఒక్కోసారి ఆ దయ్యం వల్ల ఎవరికో ఇల్లు చౌకగా దొరుకుతుంది కూడా.

మన గల్ఫ్ పల్లెల్లో తాళాలు పడిన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు మేం చెప్పనక్కరలేదు. ఇక్కడ యూఏఈలో 2009 నుంచి మన జీతం బ్యాంకు ద్వారా లెక్క ప్రకారం పడే పద్ధతి ఉంది. కానీ ఊళ్ళో మన పేరు మీద ఉన్న అప్పు ఇంకా వేరేవాళ్ళ పుస్తకంలోనే ఉంది. కాబట్టి అన్నలారా, తమ్ముళ్ళారా, రెండు దిర్హాములు పెట్టి ఒక నోటుబుక్కు కొనండి. ఏ సంవత్సరం వచ్చారు, ఎవరి దగ్గర ఎంత తెచ్చారు, ఏ మిత్తికి తెచ్చారు, ఏ నెల ఎంత కట్టారు, అంతా తెలుగులో రాయండి. చదువు రాని రూమ్మేటు ఉంటే అతనిది మీరు రాసిపెట్టండి. దాని ఫోటో ఒకటి ఇంట్లో ఆడవాళ్ళకు పంపండి. బాకీ తీరితే తీరిందని నలుగురికీ చెప్పండి.

ఇక జజీరా అల్ హమ్రా చూడాలనుకునేవారికి ఒక మాట. శీతాకాలం సెలవుల్లో తప్పక వెళ్ళండి. పగటిపూట వెళ్ళండి, కూలే గోడలుంటాయి. గోడల మీద పేర్లు చెక్కకండి, అవి ఒకరి తాతముత్తాతల ఇళ్ళు. తలుపు ఏదైనా కొట్టుకుంటుంటే భయపడకుండా దగ్గరికేసి రండి.

కార్తీక పున్నమి నాటి రాత్రి మా మిత్రుడి ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. సున్నం ఇంకా వేయలేదు. గడప మీద రెండు దీపాలు, వెనక తెరిచి ఉన్న తలుపు. ఆ ఫోటో ఇప్పుడు మా గది గోడ మీద ఉంది.